నడివీధిలో ఆపిలు చెట్లు

పండ్లచెట్టు ఉన్నచోట కంచె ఉండును, కంచె ఉన్నచోట కాపలావాడు ఉండును. ఇది లోకరీతి. జపాను దేశమున ఈదా అను చిన్న పట్టణము ఉన్నది. ఆ ఊరి నడివీధిలో, దుకాణముల నడుమ, వచ్చిపోవు వారి చేతికి అందునంత ఎత్తున, శరత్కాలములో ఆపిలు పండ్లు ఎఱ్ఱగా వ్రేలాడుచుండును. ఆ చెట్లను పెంచుచున్న వారు తోటమాలులు కారు. వేతనము పుచ్చుకొను పురపాలక సంఘపు సేవకులును కారు. పండ్రెండు మొదలు పదునైదేండ్ల వయస్సు గల బడిపిల్లలు. డెబ్బది యేండ్లకు పైగా, ఒక తరగతి తరువాత ఒక తరగతి, ఈ పనిని అందుకొని సాగించుచున్నారు.

ఈదా పట్టణము నగానో రాష్ట్రపు దక్షిణ భాగమున, ఈనా లోయలో ఉన్నది. పడమట కిసో పర్వతములు, తూర్పున అకాయిషి పర్వతములు, రెండును మూడువేల మీటర్ల ఎత్తుకు చేరువైన శిఖరములు గలవి. నడుమ తెన్ర్యూ నది. సువా సరస్సులో పుట్టి, ఈ లోయవెంట దక్షిణముగా దిగి, పసిఫిక్ మహాసముద్రమున కలియును. ఆ పేరునకు ‘దివ్యనాగము’ అని అర్థము. వానకాలములో ఆ నదిని చూచినవారు పేరు పెట్టినవానిని తప్పుపట్టరు. నది యుగయుగములుగా కోసిన మెట్లవంటి గట్లమీద ఊరు, ఊరి చుట్టును తోటలు. పగలు ఎండ, రాత్రి చలి. ఈ రెంటి నడుమనున్న అంతరమే ఇచటి పండ్లకు రంగును, తీపిని ఇచ్చుచున్నది. జనసంఖ్య లక్షకు కొంచెము తక్కువ. పూర్వము ఇది కోట గల సంస్థాన పట్టణము. పాత ఇండ్ల సొంపునుబట్టి దీనిని ‘చిన్న క్యోటో’ అని పిలిచెడివారు.

ఈ లోయ మొదటినుండి పండ్లసీమ కాదు. ఇరువదవ శతాబ్దపు తొలిభాగములో ఇచట ఎటు చూచినను మల్బరీ తోటలే. ఇంటింట పట్టుపురుగులు పెంచి, ఆ పట్టును అమెరికాకు అమ్మి జనులు బ్రదికినారు. 1929లో అమెరికాలో ఆర్థికమాంద్యము రాగా పట్టు ధర కూలినది. దానితో లోయ కూలినది. ఒకరి మేజోళ్ళ మోజుపై వేల మైళ్ళ దూరమున మరొకరి అన్నము ఆధారపడుట ఎంత ప్రమాదమో ఆ రైతులకు తెలిసివచ్చినది. ప్రభుత్వ ప్రోత్సాహమున అనేకులు మంచూరియాకు వలసపోయినారు. జపానులో అందరికంటె ఎక్కువమందిని అచటికి పంపినది నగానో రాష్ట్రమే, అందులోను ఈ ప్రాంతమే. 1945 ఆగస్టులో సోవియట్ సైన్యములు మంచూరియాలో ప్రవేశించినపుడు వారిలో ఎందరో తిరిగిరాలేదు. ఈదాకు పొరుగున ఉన్న అచీ గ్రామములో వారి స్మృతికై 2013లో ఒక ప్రదర్శనశాల వెలసినది. ఇంటివద్ద మిగిలినవారు క్రమముగా మల్బరీని పెరికి బేరి, ఆపిలు వంటి పండ్లచెట్లు వేసినారు. నేటి ఫలసంపద వెనుక ఇంత కథ ఉన్నది.

యుద్ధము ముగిసిన రెండేండ్లకు మరొక దెబ్బ తగిలినది. 1947 ఏప్రిల్ 20వ తేది, మధ్యాహ్నమునకు కొంచెము ముందు, ఊరిలో నిప్పు అంటుకొన్నది. కొయ్య ఇండ్లు, ఇరుకు సందులు, పైగా వసంతకాలపు గాలి. మూడున్నర వేలకు మించిన కట్టడములు కాలిపోయినవి. పదునేడు వేలకు పైగా జనులు నిలువ నీడ లేనివారైనారు. ప్రాణనష్టము స్వల్పమగుట ఒక్కటే అదృష్టము. చిన్న క్యోటో ఒక్క పూటలో బూడిదైనది.

తిరిగి కట్టుకొన్న తీరు గమనింపదగినది. మంట ఒక వైపునుండి మరొక వైపునకు దాటకుండ ఊరిని అడ్డముగా నిలువుగా కోయుచు వెడల్పయిన వీధులు వేసినారు. అంతటితో ఆగక, వీపులు ఆనించుకొని ఉండు ఇండ్ల వరుసల నడుమ, ఆపదలో పారిపోవుటకు రెండు మీటర్ల సందు విడిచినారు. ఈ సందునకు స్థలము ఎక్కడిది? ఇటువారు ఒక మీటరు, అటువారు ఒక మీటరు ఇచ్చినారు. గోడవద్ద జానెడు నేలకై కోర్టుకెక్కు మనుష్యులు ఏ దేశమునందైనను ఉందురు గదా. సర్వస్వము కాలినవారు ఉన్నదానిలో నుండి మీటరు చొప్పున విడుచుట సామాన్యము కాదు. ఆ సందులు నేటికిని ఉన్నవి.

వెడల్పు వీధి ఏర్పడినది గాని చెట్టు లేదు, నీడ లేదు. అదే 1947 ఏప్రిల్ నెలలో జపాను దేశమంతట కొత్త విద్యావిధానము అమలునకు వచ్చి మూడేండ్ల మాధ్యమిక పాఠశాలలు వెలసినవి. అట్టి వానిలో ఒకటి ఈదా తూర్పు మాధ్యమిక పాఠశాల. 1952లో ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఒక సమావేశమునకై ఉత్తరపు దీవిలోని సప్పొరో నగరమునకు వెళ్ళినాడు. అచటి అందమైన రాజవీధులను చూచినాడు. ఐరోపాలో కొన్ని ఊళ్ళలో వీధి పొడవునను పండ్లచెట్లు ఉండునని విన్నాడు. తిరిగివచ్చి ఈ సంగతి విద్యార్థులకు చెప్పినాడు. ఆయన చేసినది అంతే. వెంటనే పిల్లలు, మన ఊరి కాలిన వీధిలో మనమే ఆపిలు చెట్లు నాటుదమని బయలుదేరినారు.

పెద్దలు సందేహించినారు. పండ్లు దొంగిలింతురు, పురుగు పట్టును, పిల్లల ఉత్సాహము ఎన్నాళ్ళు నిలుచును అన్నారు. ఈ సందేహములు తెలివితక్కువవి కావు. ఆపిలు పెంపకము మొక్క నాటి నీళ్ళు పోయుటతో ముగియునది కాదు. శీతాకాలములో కొమ్మలు కత్తిరింపవలెను. వసంతములో గుత్తికి ఒక్క పూవును నిలిపి తక్కినవానిని త్రుంపవలెను. పిందెలు దిగిన పిమ్మట మరల ఏరివేయవలెను. ఎరువు, పురుగుమందు, కలుపు సరేసరి. పండు అన్ని వైపుల ఎఱ్ఱబారుటకు నీడనిచ్చు ఆకులను గిల్లి, కాయను మెల్లగా త్రిప్పవలెను. ఇవి అన్నియు రైతుబిడ్డలకు తెలిసిన పనులే యైనను, బడి పనితోబాటు చేయవలసినవి. చివరకు నగరాధికారులు ఒప్పుకొన్నారు. 1953 శరత్కాలాంతమున సుమారు నలువది మొక్కలు నాటినారు.

రెండేండ్లకు, 1955లో, తొలికాపు కనిపించినది. పెద్దలు చెప్పినట్లే అయినది. పండు ముదురకముందే ఎవరో కోసికొనిపోయినారు. పిల్లలకు మిగిలినవి వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే.

కాపలా పెట్టి, ఎత్తైన కంచె కట్టి పండ్లను దక్కించుకొనుట అసాధ్యమేమియు కాదు. కాని ఆ పిల్లలు కోరినది పండ్లు కావు. పండ్లు తోటలనిండ ఉన్నవి. ఎఱ్ఱగా పండిన పండు వీధిలో వ్రేలాడుచుండగా ఎవ్వరును చేయి చాపని ఊరు కావలెనని వారు కోరినారు. కంచె కట్టినచో పండ్లు దక్కును, ఆ ఊరు దక్కదు. దొంగతనపు వార్త పత్రికలకెక్కినది. ఈదా పౌరులు సిగ్గుపడినారు. సిగ్గుపడగల ఊరు బాగుపడును. పిల్లలు మరల కత్తెరలు పట్టి చెట్లవద్దకు వెళ్ళినారు. ఏటేట కాపు నిలిచినది. కోసిన పండ్లను పసిపిల్లల బడులకు, వృద్ధుల ఆశ్రమములకు పంచిపెట్టుట ఆచారమైనది. ఈ కథ జపాను పాఠ్యపుస్తకములలోనికి ఎక్కినది. 1990ల దశకములో మోటారు బండ్ల జోరు తగ్గించి, జనులు నింపాదిగా నడచుటకు తగినట్లు ఈ వీధిని మలచినారు. 2001లో జపాను పర్యావరణ శాఖవారు దేశమున సువాసనకు పేరెన్నికగన్న నూరు తావులను ఎంచినపుడు వానిలో ఈ వీధిని చేర్చినారు. తొలి చెట్లు ముసలివైన కొలది కొత్తవి నాటుచున్నారు. నాటిన బాలబాలికలలో బ్రదికి ఉన్నవారు ఇప్పుడు ఎనుబదియైదు దాటినవారు.

ఈదా అనగా ఈ వీధి ఒక్కటే కాదు. ఇచట ‘కాకి’ అను పండు ప్రసిద్ధము. మన కాకితో దానికి చుట్టరికము లేదు. మన అడవులలో బీడీ ఆకునిచ్చు తునికి చెట్టునకు మాత్రము దగ్గరి బంధువు. ఈ ప్రాంతపు రకము పేరు ఇచిదా. పచ్చిగా కొరికినచో నోరు పిడచకట్టును. శరత్కాలములో తొక్క తీసి, త్రాళ్ళకు గ్రుచ్చి, తెరలవలె వ్రేలాడదీయుదురు. ఉదయము తెన్ర్యూ నదినుండి లేచు మంచు, పగటి ఎండ, ఈ రెండును కలిసి నెలనాళ్ళలో వగరును పోగొట్టును. పైన తెల్లని పొడి ఏర్పడును. అది పిండి కాదు, పండులోని చక్కెరయే.

కాగితపు పేటతో చేయు మిజుహికి అను రంగు దారములలో నూటికి డెబ్బది వంతులు ఈదాలోనే తయారగును. జపానులో కానుకల కవర్లకు వానిని ముడివేయుదురు. పూర్వము ఇదే పని జుట్టు ముడికి కట్టు త్రాడుగా సాగెడిది. 1871లో సిగలు కత్తిరించుకొనవచ్చునని ప్రభుత్వము ప్రకటింపగా ఆ త్రాటికి గిరాకి తగ్గినది. చేతిపనివారు కానుకల వైపు తిరిగినారు. మూడువందల యేండ్ల బొమ్మలాట సంప్రదాయము కూడ ఇచట సజీవముగా ఉన్నది. 1979 నుండి ప్రతి ఆగస్టులో జరుగు బొమ్మలాటల పండుగకు దేశదేశముల ఆటగాండ్రు వత్తురు.

ఈదాకు చేరుట నేటికిని కొంచెము శ్రమయే. చిన్న రైలు లోయవెంట ప్రతి ఊరిలోను ఆగుచు నింపాదిగా పోవును. టోక్యో నుండి బస్సులో నాలుగు గంటలకు పైగా పట్టును. అయస్కాంతశక్తిచే నేలను తాకక పరుగెత్తు కొత్త రైలుమార్గములో ఈదాకు ఒక స్టేషను నిర్ణయించినారు. మొదట 2027 అని చెప్పిన గడువు దాటిపోవుట ఖాయమైనది. వెళ్ళదలచినవారు ఏప్రిల్ నెల చివర వెళ్ళినచో పూలు చూడవచ్చును, అక్టోబరు, నవంబరులలో పండ్లు చూడవచ్చును. తినవలెనన్నచో మాత్రము బజారునకు పోవలెను. అచట కొల్లలుగా దొరకును.