తక్కువ వాట్లంటే తక్కువ గాలేనా?

గత వేసవిలో మా అమ్మగారి గదిలో ఫ్యాను కాలిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా తిరిగిన ఫ్యాను. మళ్లీ వైండింగు చేయించడం దండగ అన్నాడు మెకానిక్. కొత్తది కొందామని వెళితే దుకాణంలో కుర్రాడు, "గాలి బాగా రావాలా సార్, కరెంటు తక్కువ కాలాలా?" అని అడిగాడు. రెండూ ఒకచోట దొరకవని అతని ఉద్దేశం. చాలామంది అనుకొనేదీ అదే. తక్కువ వాట్ల బల్బు గుడ్డిగా వెలిగే రోజుల్లో పెరిగినవాళ్లం కదా! ఇందులో నిజమెంతో చూద్దాం.

వాట్లు ఫ్యాను ఇచ్చే గాలికి కొలత కాదు. ఫ్యాను సెకనుకు ఎంత విద్యుచ్ఛక్తి తీసుకొంటుందో చెప్పే కొలత. ఆ శక్తిలో కొంత గాలిని నెడుతుంది, మిగిలినది వేడిగా మారిపోతుంది. మన ఇళ్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న 1200 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటుంది. దాదాపు అంతే గాలినిచ్చే బి.ఎల్.డి.సి. రకం ఫ్యానుకు 28 నుంచి 35 వాట్లు చాలు. మరి ఆ తేడా అంతా మామూలు ఫ్యానులో ఎక్కడికి పోతోంది?

మామూలు ఫ్యానులో ఉండేది ప్రేరణ మోటారు. లోపల కదలకుండా ఉండే భాగం స్టేటరు. కెపాసిటర్ సాయంతో దాని తీగచుట్టల్లో ప్రవహించే ఏ.సి. విద్యుత్తు తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. బయట రెక్కలతోపాటు తిరిగేది రోటరు. దానికి ఏ తీగా కలిపి ఉండదు. తిరిగే క్షేత్రమే రోటరులోని అల్యూమినియం కడ్డీలలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. దానివల్ల రోటరు కూడా అయస్కాంతంలా మారి క్షేత్రం వెంట పరుగెడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. రోటరు క్షేత్రంతో సమానంగా పరుగెత్తిందంటే ఇక ప్రేరణే ఉండదు. కాబట్టి అది ఎప్పుడూ కొంత వెనకబడే ఉండాలి. ఈ వెనకబాటును ఇంజనీర్లు స్లిప్ అంటారు. క్షేత్రం నిమిషానికి 375 చుట్లు, రోటరు 300 చుట్లు తిరుగుతున్నాయనుకొందాం. రోటరు అయిదో వంతు వెనకబడింది. అప్పుడు రోటరుకు చేరిన శక్తిలో కూడా అయిదో వంతు కడ్డీలను వేడెక్కించడానికే ఖర్చవుతుంది! రెగ్యులేటరు తిప్పి రోటరును క్షేత్రం వేగంలో సగానికి తెచ్చారా, రోటరుకు చేరిన దానిలో సగం వేడి పాలే. స్టేటరు చుట్టల్లో, ఇనుములో జరిగే నష్టాలు వేరే.

పాత ఇళ్లలో గోడకు పెద్ద పెట్టెలాంటి రెగ్యులేటరు ఉంటుంది. ముట్టుకొంటే వెచ్చగా ఉంటుంది. అది లోపలి నిరోధకంలో వృథా అవుతున్న విద్యుత్తు. కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ఈ వృథా చాలా తక్కువ. కాని స్లిప్ నష్టాన్ని అవి కూడా తప్పించలేవు.

బి.ఎల్.డి.సి. ఫ్యాను రోటరులో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. అందుచేత ప్రేరేపించే పనే లేదు, వెనకబాటూ లేదు. చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూటు ఇంటి ఏ.సి.ని డి.సి.గా మార్చి, రోటరు ఏ స్థితిలో ఉందో కనిపెడుతూ ఒక్కో చుట్టకు వంతులవారీగా విద్యుత్తు అందిస్తుంది. నెమ్మదిగా తిప్పితే ఆదా మరీ ఎక్కువ. గాలిని నెట్టడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే సగం వేగానికి ఎనిమిదో వంతు చాలు.

మరి దుకాణంలో ఏం చూడాలి? 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో నక్షత్రాల లేబుల్ పథకం ప్రారంభించింది. సీలింగ్ ఫ్యానులకు ఈ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలిని కదిలిస్తుందో ఆ సంఖ్యను వాట్లతో భాగిస్తే వచ్చేది సర్వీస్ వేల్యూ. నక్షత్రాలకు ఆధారం ఇదే. 210 ఘనపు మీటర్లకు 52.5 వాట్లు తీసుకొంటే 4, 35 వాట్లే తీసుకొంటే 6. కుర్రాడి ప్రశ్నకు జవాబు ఈ భాగహారంలోనే ఉంది.

ఫ్రిజ్ కొనేటప్పుడు మాత్రం నక్షత్రాలతో ఆగిపోకండి. పెద్ద అయిదు నక్షత్రాల ఫ్రిజ్, చిన్న మూడు నక్షత్రాల ఫ్రిజ్ కన్నా ఎక్కువ కరెంటు కాల్చవచ్చు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అది చదవండి. నక్షత్రాల ప్రమాణాలను అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటారు కనుక లేబుల్ ఏ కాలానికి చెందిందో కూడా చూడాలి.

ఇక డబ్బు లెక్క. 75కు బదులు 30 వాట్లయితే ఆదా 45 వాట్లు. రోజుకు 15 గంటల చొప్పున 300 రోజులకు 202 యూనిట్లు దాటుతుంది. యూనిట్ అయిదు రూపాయలనుకొంటే ఏడాదికి వెయ్యి రూపాయల పైమాటే. ఫ్యానుకు 1500 రూపాయలు ఎక్కువ పెట్టినా ఏడాదిన్నరలో తిరిగి వస్తాయి. అదే రోజుకు గంటసేపు తిరిగే ఫ్యాను అయితే ఆదా 16 యూనిట్లు, సుమారు 80 రూపాయలు. అసలు రాబట్టుకోవడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది! అలాంటి గదికి పాత ఫ్యానే మేలని నా అభిప్రాయం. ఇంకో సంగతి. మామూలు మోటారును వీధి చివరి మెకానిక్ బాగుచేస్తాడు. ఎలక్ట్రానిక్ సర్క్యూటు చెడితే అలా కుదరకపోవచ్చు, వారంటీ ఎన్నేళ్లో అడగాలి.

అమ్మగారి గదికి బి.ఎల్.డి.సి. ఫ్యానే కొన్నాం. అది రిమోటుతో పనిచేస్తుంది కనుక గోడ రెగ్యులేటరు తీసేయించాం. గాలికి ఆవిడ వంక పెట్టలేదు. అర్ధరాత్రి చలేస్తే రిమోటు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోందని మాత్రం రోజూ అంటూనే ఉంటారు.