అయిదు కనుమలు, పది రోజులు: మనాలి నుంచి లేహ్‌కు సైకిల్ యాత్ర

మనాలి: సైనిక లారీలు సైతం మొదటి గేరులో రొప్పుతూ ఎక్కే దారి అది. హిమాచల్‌ప్రదేశ్‌లోని మనాలి నుంచి లడఖ్ ముఖ్యపట్టణమైన లేహ్ వరకు, పాత మార్గంలో 470 కిలోమీటర్లకు పైగా సాగే ఈ రహదారి అయిదు ఎత్తయిన కనుమలను దాటుతుంది. ఏటా వేసవిలో మంచు తొలగించి దారి తెరవగానే లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లతో పాటు గేర్ల సైకిళ్లు కూడా ఈ బాట పడుతున్నాయి. మోటారు వాహనంలో రెండు రోజులు పట్టే ఈ ప్రయాణాన్ని సైకిల్‌పై పూర్తి చేయడానికి సాధారణంగా తొమ్మిది నుంచి పదకొండు రోజులు పడుతుంది.

తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్ల ఎత్తును మించవు. యాత్ర మొదలయ్యే మనాలి పట్టణమే సముద్రమట్టానికి 2,050 మీటర్ల ఎత్తున ఉంది. చివరి కనుమ అయిన తంగ్లాంగ్ లా ఎత్తు 5,328 మీటర్లు. లడఖ్, టిబెటన్ భాషల్లో 'లా' అంటే కనుమ అని అర్థం.

సైన్యం కోసం వేసిన బాట

సరిహద్దు రహదారుల సంస్థ 1960 మే 7న ఏర్పడింది. మనాలి - లేహ్ మార్గాన్ని వాహనయోగ్యంగా నిలబెడుతున్నది ఈ సంస్థే. హిమాచల్ వైపు పనులను 'దీపక్', లడఖ్ వైపు పనులను 'హిమాంక్' అనే విభాగాలు చూస్తున్నాయి. లడఖ్‌ను పర్యాటకులకు 1974లో తెరిచినప్పటికీ, ఈ మార్గంలో పౌరుల రాకపోకలను 1989లో గాని అనుమతించలేదు. 1999 కార్గిల్ పోరాటంలో శ్రీనగర్ - లేహ్ రహదారి శత్రు ఫిరంగుల గురికి చిక్కినప్పుడు, మనాలి దారి ప్రాధాన్యం దేశానికి మరింతగా తెలిసివచ్చింది.

సైకిల్ యాత్రికులు పొందుతున్న సౌకర్యమంతా ఈ సైనిక అవసరం పుణ్యమే. భారీ లారీలు ఎక్కగలిగేందుకు వీలుగా మలుపులు తిప్పుతూ వేసిన దారి కావడంతో, చాలాచోట్ల వాలు మరీ నిటారుగా ఉండదు. మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ వరకు ఉన్న 51 కిలోమీటర్లలో ఎత్తు 2,050 మీటర్ల నుంచి 3,978 మీటర్లకు పెరుగుతుంది. అంటే కిలోమీటరుకు సగటున 38 మీటర్లు. తగిన గేరు వేసుకుని నిదానంగా తొక్కేవారికి ఇది అసాధ్యమేమీ కాదు. ఈ దారిలో పరీక్షకు గురయ్యేది కాళ్ల బలం కన్నా ఊపిరితిత్తులే.

మొదటి గోడ

రోహ్‌తాంగ్ అనే పేరుకు శవాల గుట్ట అన్న అర్థం ప్రచారంలో ఉంది. మంచు తుపానుల్లో చిక్కి ఇక్కడ మరణించిన బాటసారుల జ్ఞాపకం ఆ పేరులో నిలిచిపోయింది. కనుమకు దక్షిణాన దేవదారు అడవులు, వాన మేఘాలు. ఉత్తరాన చెట్లు అరుదైన లాహౌల్ లోయ. ఒకే పూటలో వాతావరణం ఇంతగా మారిపోవడం కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది.

పర్యాటక వాహనాల రద్దీ వల్ల కనుమ పర్యావరణం దెబ్బతింటున్నదన్న కారణంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో రోజువారీ వాహనాల సంఖ్యకు పరిమితి విధించింది. 2020 అక్టోబరు 3న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం, కనుమను ఎక్కకుండానే వాహనాలను లాహౌల్ చేరుస్తున్నది. మనాలి - లేహ్ దూరం దానివల్ల 46 కిలోమీటర్లు తగ్గింది. దూర ప్రయాణపు లారీలు సొరంగం దారి పట్టడంతో పాత కొండదారిపై ఒత్తిడి తగ్గింది. యాత్రను మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టదలచిన సైకిల్ యాత్రికులకు ఇది కలిసివచ్చింది. ఎత్తుకు శరీరాన్ని అలవాటు చేసేందుకు కూడా పాత దారి ఉపకరిస్తుంది.

తాండీ వద్ద చంద్ర, భాగ నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. దిగువన చీనాబ్‌గా పేరొందిన నది ఇదే. తాండీలోని పెట్రోలు బంకు చాలాకాలం పాటు మోటారు ప్రయాణికులకు ఒక హెచ్చరిక వంటిది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని అక్కడి బోర్డు తెలిపేది. సైకిల్‌కు పెట్రోలు అక్కరలేకపోయినా హెచ్చరిక వర్తిస్తుంది. జిల్లా కేంద్రమైన కీలాంగ్ దాటాక గేర్ల సైకిల్‌కు మరమ్మతు చేయగల దుకాణం లేహ్ వరకు దొరుకుతుందని ఆశించడానికి వీల్లేదు. ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు, చైను లింకులు, చక్రపు చువ్వలు, పంపు వెంట ఉండవలసిందే.

రెండు నదుల నడుమ గీత

దార్చా గ్రామం తర్వాత పచ్చదనం దాదాపుగా అంతమవుతుంది. అక్కడి నుంచి దారి జింగ్‌జింగ్‌బార్ మీదుగా 4,890 మీటర్ల బారాలాచా లాకు ఎక్కుతుంది. కనుమకు కొద్ది దిగువన ఉన్న సూరజ్ తాల్ సరస్సు భాగ నదికి పుట్టినిల్లు. కనుమకు ఆవలి పక్కన పుట్టే యూనం నది నీరు జన్‌స్కార్ మీదుగా సింధు నదిలో కలుస్తుంది. ఇరుపక్కలా పడిన మంచు చివరకు ఒకే సింధు వ్యవస్థకు చేరినా, మధ్యలో వందల కిలోమీటర్లు వేరువేరు లోయల గుండా ప్రయాణిస్తుంది.

ఈ ప్రాంతంలో వాగులు గడియారం ప్రకారం నడుస్తాయి. రాత్రి గడ్డకట్టిన మంచు ఉదయం వేళ కొద్దిగానే కరుగుతుంది. ఉదయం ఏడు గంటలకు పాదం మునిగేంత నీరున్న వాగులో, ఎండ ముదిరిన తర్వాత మోకాలి లోతు ప్రవాహం ఉండవచ్చు. వంతెన లేనిచోట సైకిల్‌ను భుజాన వేసుకుని, మంచునీటిలో రాళ్ల మధ్య నడవాలి. అందుకే అనుభవజ్ఞులు తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి మజిలీ చేరుకుంటారు.

సర్చూ: కిందికి దిగాలంటే పైకి ఎక్కాలి

యాత్రలో అత్యంత ప్రమాదకరమైన చోటు ఏ కనుమ శిఖరమూ కాదు. హిమాచల్, లడఖ్ సరిహద్దున ఉన్న సర్చూ మైదానం చూడడానికి ప్రశాంతంగా ఉంటుంది. ఎత్తు సుమారు 4,290 మీటర్లు. వేసవిలో ఇక్కడ వరుసగా గుడారాలు వెలుస్తాయి. బస్సుల్లో, కార్లలో వచ్చేవారు మొదటి రాత్రి గడిపేది ఎక్కువగా ఇక్కడే. తలనొప్పి, వాంతులు, నిద్రలేమితో అనేకులు బాధపడేదీ ఇక్కడే.

మూడు వేల మీటర్లు దాటిన తర్వాత నిద్రించే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి అవసరమనీ వైద్య నిపుణులు చెబుతారు. ఉదయం మనాలిలో బయలుదేరి రాత్రికి సర్చూ చేరిన ప్రయాణికుడు ఒక్కరోజులో 2,200 మీటర్లకు పైగా ఎక్కినట్లు లెక్క. అయిదారు రోజులు తీసుకునే సైకిల్ యాత్రికుడి శరీరానికి సర్దుకునే వ్యవధి ఎక్కువగా లభిస్తుంది. నెమ్మదితనమే అతనికి రక్ష. అయినా జిస్పా, దార్చాల తర్వాత నిద్రించే ఎత్తు ఒక్కసారిగా వెయ్యి మీటర్ల దాకా పెరుగుతుంది కనుక, జిస్పాలో గాని కీలాంగ్‌లో గాని ఒకరోజు ఆగడం మేలు.

ఎత్తు జబ్బు ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. రెండూ ప్రాణాంతకమే. దీనికి నమ్మకమైన చికిత్స రోగిని వెంటనే తక్కువ ఎత్తుకు దింపడం. కాగా సర్చూకు దక్షిణాన 4,890 మీటర్ల బారాలాచా, ఉత్తరాన 5,060 మీటర్ల లాచుంగ్ లా ఉన్నాయి. ఎటు దిగాలన్నా ముందు మరింత పైకి ఎక్కక తప్పదు. ఈ సంగతి తెలిసినవారు తోటి యాత్రికుడి మాట తడబడినా, నడక తూలినా దానిని అలసటగా భావించి వదిలివేయరు. సైకిల్‌ను అక్కడే ఉంచి, వచ్చిన మొదటి వాహనంలో రోగిని పంపివేస్తారు. పోటీ తత్వం, మొహమాటం ఇక్కడ ప్రాణాల మీదకు తెస్తాయి.

ఇరవై ఒక్క మలుపులు

సర్చూ దాటిన తర్వాత గాటా లూప్స్ అనే 21 మలుపుల దారి వస్తుంది. ఒక లారీ క్లీనరు ఇక్కడ ఆకలిదప్పులతో మరణించాడన్న కథ డ్రైవర్లలో చెలామణిలో ఉంది. అతని పేరిట వెలసిన చిన్న గూడు చుట్టూ ప్రయాణికులు ఉంచిన నీళ్ల సీసాలు గుట్టగా పడి ఉంటాయి. కథలోని నిజానిజాలు ఎలా ఉన్నా, నీటి విలువ ఈ దారిలో సైకిల్ తొక్కేవారికి వేరే చెప్పనక్కరలేదు. పొడిగాలిలో చెమట కనబడకుండానే ఆరిపోతుంది. దాహం తెలిసేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది.

నకీ లా, లాచుంగ్ లా కనుమలు ఒకే రోజున ఎదురవుతాయి. రెండింటి నడుమ దిగిన ఎత్తునంతా మళ్లీ ఎక్కవలసి రావడం మనసును కుంగదీస్తుంది. తర్వాత పాంగ్. రేకుల షెడ్లలో, గుడారాలలో రాజ్మా అన్నం, నూడుల్స్, వేడి టీ దొరుకుతాయి. పరుపులు, బరువైన దుప్పట్లు అద్దెకిస్తారు. వేసవిలోనూ రాత్రివేళ సీసాలో నీరు గడ్డకట్టే చోట ఆ దుప్పటి విలువ రూపాయలలో తూచలేనిది.

పాంగ్ పైన మోరే మైదానాలు మొదలవుతాయి. సుమారు 4,700 మీటర్ల ఎత్తున 40 కిలోమీటర్ల మేర చదునుగా సాగే ఈ నేలపై చాంగ్‌పా సంచార పశుపాలకులు పష్మీనా మేకలను మేపుతారు. దారి చదునైనదే అయినా మధ్యాహ్నం లేచే ఎదురుగాలి సైకిల్‌ను ముందుకు సాగనివ్వదు. చివరిదైన తంగ్లాంగ్ లా వద్ద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. అక్కడి నుంచి రుమ్‌సే గ్రామానికి దిగే దారిలో తొలి బార్లీ పొలాలు కనిపిస్తాయి. ఉప్షీ వద్ద సింధు నది తోడవుతుంది. ఆపై లేహ్ వరకు సుమారు 50 కిలోమీటర్లు.

దారి వేసిన చేతులు

ఈ యాత్రలో మోటారు ప్రయాణికుల కంటే సైకిల్‌పై వెళ్లేవారికి ఎక్కువగా తారసపడేది రోడ్డు కూలీలు. ముఖాలకు గుడ్డలు చుట్టుకుని, తారు పీపాల పొగ మధ్య రాళ్లు పేర్చే వీరిలో అనేకులు జార్ఖండ్‌లోని దుమ్కా తదితర సంథాల్ జిల్లాల నుంచి వచ్చినవారు. మైదానాల నుంచి వచ్చిన ఈ మనుషులు, యాత్రికులు ఒక్క పూట నిలవడానికి భయపడే ఎత్తులలో నెలల తరబడి పనిచేస్తారు. 2020 లాక్‌డౌన్ కాలంలో లడఖ్‌లో చిక్కుకుపోయిన వీరిలో 60 మందిని మే 29న జార్ఖండ్ ప్రభుత్వం విమానంలో స్వస్థలానికి రప్పించినప్పుడు గాని, వీరి ఉనికి దేశంలో చాలామందికి తెలియలేదు.

సైకిల్ పరిశ్రమకు కొత్త విపణి

సైకిళ్ల ఉత్పత్తిలో ప్రపంచంలో చైనా తర్వాత స్థానం భారత్‌దే. పంజాబ్‌లోని లూధియానా ఈ పరిశ్రమకు కేంద్రం. పాలవారు, పనివారు, విద్యార్థులు వాడే సాధారణ సైకిల్‌పై దశాబ్దాల పాటు ఆధారపడిన ఈ పరిశ్రమకు గేర్ల సైకిల్ కొత్త విపణిని చూపింది. అయితే ఖరీదైన సైకిళ్లలో గేర్లు, బ్రేకుల వంటి కీలక భాగాలు నేటికీ చాలావరకు దిగుమతులే. సైకిళ్లపై 12 శాతంగా ఉన్న జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించడం కొనుగోలుదారులకు ఊరట కలిగించింది.

బఠాణీ, బంగాళాదుంప పంటలపై ఆధారపడిన లాహౌల్ గ్రామాలలో యాత్రికులు అదనపు ఆదాయ వనరు. హిమాచల్ ప్రభుత్వం 2008లో ప్రవేశపెట్టిన హోమ్ స్టే పథకం వల్ల ఇళ్లలోనే అతిథులకు వసతి కల్పించే వీలు కలిగింది. మోటారు ప్రయాణికుడు ఒక్క గుక్కలో దాటిపోయే పల్లెలో సైకిల్ యాత్రికుడు రాత్రి గడపక తప్పదు. అతని ఖర్చు స్వల్పమే కావచ్చు గాని, అది దారి పొడవునా పంచబడుతుంది.

ముందున్న మార్పు

ఈ దారి స్వరూపం త్వరలోనే మారనుంది. దార్చా నుంచి పదుమ్ మీదుగా నిమ్ము చేరే మరో మార్గం 2024 మార్చిలో అనుసంధానమయింది. ఆ మార్గంలోని షింకూ లా కింద 15,800 అడుగుల ఎత్తున 4.1 కిలోమీటర్ల జంట సొరంగానికి అదే ఏడాది జులై 26న తొలి పేలుడు జరిగింది. అది పూర్తయితే ఏడాది పొడవునా లడఖ్‌కు రాకపోకలు సాగించవచ్చునని ప్రభుత్వం భావిస్తున్నది. శీతకాలంలో రోడ్డు దారి మూసుకుపోయే లడఖ్ ప్రజలకు, సరిహద్దు కాచే సైనికులకు అది గొప్ప మేలు.

అప్పుడు బారాలాచా, లాచుంగ్, తంగ్లాంగ్ కనుమల దారిలో లారీల రద్దీ తగ్గుతుంది. సైకిల్ యాత్రికులకు కోరుకున్న నిశ్శబ్దం లభించవచ్చు. అయితే పాంగ్, సర్చూలలో వేసవి నాలుగు నెలలు టీ కాచి, దుప్పట్లు అద్దెకిచ్చి, దానితోనే మిగిలిన ఏడాది గడుపుకొనే కుటుంబాలకు లారీ డ్రైవర్లే ప్రధాన ఖాతాదారులు. వారు దారి మార్చుకుంటే ఆ గుడారాలు నిలుస్తాయా అన్నది ప్రశ్న. గుడారాలు లేనినాడు, సాయంత్రం గాలికి ఎదురీది అలసిపోయి వచ్చిన సైకిల్ యాత్రికుడికి వేడి టీ పోసేవారు, జబ్బుపడితే లారీ ఆపి ఎక్కించేవారు కూడా ఉండరు.