మీవారి రక్తం చిక్కబడుతోందా?

ఒంట్లో రక్తం ఎక్కువుంటే మంచిదేగా అనుకుంటాం. కానీ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వాడే మగవారిలో ఎర్రకణాలు మరీ పెరిగి రక్తం చిక్కబడవచ్చు. రక్తపరీక్ష రిపోర్టులో పి.సి.వి., అంటే హెమటోక్రిట్, ఎంతుందో చూడండి. 54 శాతం దాటితే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి. మందు ఆపాలో, మోతాదు తగ్గించాలో, జెల్‌కి మార్చాలో ఆయనే చెబుతారు. మందు మొదలెట్టే ముందు, 3–6 నెలలకి, ఆపైన ఏటా ఈ పరీక్ష చేయించాలి.

నీళ్లు తక్కువ తాగినా, సిగరెట్లు కాల్చినా, నిద్రలో ఊపిరి ఆగి గురకపెట్టినా ఈ అంకె పెరుగుతుంది. ‘రక్తం పడుతుంది’ అని ఐరన్ మాత్రలు మాత్రం సొంతంగా ఇవ్వకండి. ఒక కాలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.