తుంటి మార్పిడికి మత్తు: ఒకటి కాదు, రెండు మూడు పద్ధతుల కలయిక

తుంటి కీలు మార్పిడికి సిద్ధమవుతున్న వృద్ధుల కుటుంబాలు వైద్యులను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: పూర్తి మత్తు ఇస్తారా, నడుముకు ఇంజెక్షన్ ఇస్తారా? నేడు చాలా సందర్భాల్లో సమాధానం ఈ రెండింటిలో ఒకటిగా ఉండదు. ఒక పద్ధతిలోని లోటును మరొకదానితో పూడుస్తూ, రెండు మూడింటిని కలిపి వాడుతున్నారు.

నడుముకిచ్చే స్పైనల్ మత్తు పాతదే. జర్మన్ శస్త్రవైద్యుడు ఆగస్ట్ బీర్ 1898లోనే దీన్ని ప్రయోగించారు. వెన్నులోని ద్రవంలోకి సన్నని సూదితో రెండు మూడు మిల్లీలీటర్ల బుపివకైన్ ఎక్కిస్తే, నిమిషాల్లో నడుము కింది భాగం మొద్దుబారుతుంది. శ్వాసనాళంలోకి గొట్టం వేయనవసరం లేదు. అయితే రక్తపోటు పడిపోవచ్చు. మెలకువగా ఉన్న రోగికి రంపం చప్పుడు, సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. పైగా కొన్ని గంటల్లో మందు ప్రభావం తీరిపోతుంది. అసలు నొప్పి మొదలయ్యేది అప్పుడే.

చప్పుళ్ల బెడదకు ప్రొపొఫాల్ వంటి మందుతో తేలికపాటి నిద్ర కల్పిస్తారు. నొప్పికి ఒకప్పుడు వెన్ను వద్ద ఎపిడ్యూరల్ గొట్టం ఉంచి మందు ఎక్కించడం పరిపాటి. దానివల్ల కాళ్లు బలహీనపడి, మూత్రం నిలిచిపోయే అవకాశం ఉంది. రోగిని శస్త్రచికిత్స రోజునో మర్నాడో నడిపించాలన్న నేటి పద్ధతికి ఇది అడ్డు. అందువల్ల నరాల బ్లాక్‌లకు ప్రాధాన్యం పెరిగింది. తొడ ముందరి నరాన్ని మొద్దుబార్చితే మోకాలు నిలవక రోగి పడిపోయే ప్రమాదం ఉంటుంది. 2018లో వెలుగులోకి వచ్చిన ‘పెంగ్’ బ్లాక్‌లో అల్ట్రాసౌండ్ సాయంతో కీలు తొడుగుకు వెళ్లే నరాల కొమ్మల వద్దే మందు వేస్తారు. కండరాల బలం చాలావరకు నిలుస్తుంది.

ఇంతకీ స్పైనల్ మేలా, పూర్తి మత్తు మేలా? అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిపై జరిగి 2021లో వెలువడిన ‘రీగెయిన్’ అధ్యయనంలో 60 రోజుల నాటికి మరణాల్లోగానీ, నడవగల శక్తిలోగానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అది ఎముక విరిగినవారికి సంబంధించినది. ముందుగా తేదీ నిర్ణయించుకొని చేయించుకునే మార్పిడికి దాన్ని యథాతథంగా అన్వయించలేం.

నిర్ణయాన్ని తారుమారు చేసేది తరచూ రోగి మాత్రల డబ్బాయే. క్లోపిడోగ్రెల్ వాడేవారికి అయిదు నుంచి ఏడు రోజుల విరామం లేకుండా వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం గడ్డకట్టి, వెన్నుపాముపై ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడే ముప్పుంది. అలాగని గుండెలో స్టెంట్ ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా మాత్ర మానేయడం అంతకంటే ప్రమాదకరం. ఎముక విరిగి వచ్చినవారికి అన్ని రోజులు ఆగే వ్యవధి ఉండదు. అలాంటివారికి పూర్తి మత్తు, దానితోపాటు తొడ వద్ద బ్లాక్ ఇచ్చి శస్త్రచికిత్స ముగిస్తారు.