గట్టు వేసిన చేతికి గుక్కెడు నీళ్లేవి?

వాన రాలేదని ఆకాశాన్ని తిట్టుకోవడం మనకు అలవాటైంది. వచ్చిన వాన ఏమైపోయిందని మాత్రం ఎవరూ అడగరు. కరువుకు మారుపేరైన అనంతపురం ప్రాంతంలో కూడా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. లెక్క వేసి చూడండి. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. ఏడాది మొత్తానికి 22 లక్షల లీటర్లు! ఇంత నీరు పడిన చేనులో వేరుశనగ ఎందుకు ఎండుతున్నది?

బోడి నేల మీద పెద్ద చినుకు పడితే మట్టి పెళ్ల చిదిగి మెత్తని పొడి అవుతుంది. ఆ పొడి నేలలోని సందుల్ని పూడ్చి పైన పెచ్చు కడుతుంది. ఎర్రనేలల్లో ఈ బాధ మరీ ఎక్కువ. ఇక నీరు ఇంకదు, వాలు వెంట పరుగు తీస్తుంది. ఊరికే పోతుందా? పైమట్టిని వెంటబెట్టుకుని పోతుంది. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయినా 5 టన్నుల పైమాటే. మనం తోలిన పెంట, చల్లిన ఎరువు ఉండేది ఆ మట్టిలోనే గదా! అది పోయి చెరువులో మేట వేస్తుంది. చేనుకు సారం లేదు, చెరువుకు లోతు లేదు.

దీనికి మందు మన పెద్దలకు తెలిసిందే. వాలుకు అడ్డంగా దున్నాలి. వాలుకు అడ్డంగానే సమమట్టంలో గట్లు వేసి, వాటి మీద గడ్డి పెంచాలి. మిగులు నీరు గట్టు తెంచకుండా రాళ్లు పేర్చి దారి విడవాలి. పని గుట్ట మీద మొదలుపెట్టి కిందికి దిగాలి: పైన కందకాలు, మెరక చేలల్లో గట్లు, వంకల్లో రాతికట్టలు, చివరన ఊటకుంట. ఈ వరస తప్పి ముందే కింద కుంట తవ్వితే నాలుగు వానలకే పూడిపోతుంది. ఎండాకాలంలో చెరువు మట్టి ఎర్రచేలకు తోలితే చెరువుకు లోతు, చేనుకు పదును. చౌడు మట్టి మాత్రం తోలకూడదు.

ఇదంతా చేసేదెవరు? గడ్డపార పట్టిన కూలీలే. 1994లో హనుమంతరావు కమిటీ 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్ చొప్పున ప్రజలే పని నడుపుకోవాలన్నది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది. కంట్రాక్టరు ఉండరాదని ఆ చట్టం చెప్పింది. మన పల్లెల్లో ఆ గట్లు, కందకాలు, నీటికుంటలు తవ్వినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. ఎండాకాలంలో గడ్డపార దిగని నేలలో రోజంతా తవ్వినా, కొలత తక్కువుందని కూలి తగ్గిస్తే వాళ్లు ఎవరితో చెప్పుకోవాలి?

2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. 100 రోజులు 125 అయ్యాయన్నారు. కానీ ఖర్చులో నూటికి 40 వంతులు మన రాష్ట్రాల వంటివి భరించాలట. డబ్బు లేదని రాష్ట్రం చేతులెత్తేస్తే ఆ 125 రోజులు కాగితం మీదే మిగులుతాయి.

అసలు మాట ఇంకొకటి ఉంది. కూలీ గట్టు వేస్తే నీరు ఇంకింది, బాగానే ఉంది. ఆ నీరు ఎవరిది? బోరు ఎవరిదైతే నీరు వాళ్లది. సెంటు భూమి లేనివాడు ఇంకించిన నీటిని మూడు మోటార్లున్న ఆసామి తోడుకుంటాడు. పక్కనున్న చిన్నరైతు బోరు ఎండిపోయేదీ ఈ పోటీలోనే. బోర్లకు అదుపు ఉండాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. అది ఎంత అమలైందో మన ఊళ్లో బోర్లు లెక్కపెడితే తెలిసిపోతుంది.

ఇంకో దారి లేకపోలేదు. మహారాష్ట్రలో 1972 కరువు తర్వాత పూనా జిల్లా పురందర్ తాలూకాలో విలాసరావు సాళుంఖే పానీ పంచాయతీ నడిపించారు. అక్కడ నీటిని భూమిని బట్టి కాక ఇంట్లో మనుషుల్ని బట్టి పంచారు, తలకు అర ఎకరం చొప్పున. భూమి లేనివాళ్లకూ వాటా పెట్టారు. నీళ్లు మింగే చెరకును నిషేధించారు. అక్కడ చేయగలిగింది మన దగ్గర ఎందుకు కాదు?

కనుక రైతులూ కూలీలూ కలిసి గ్రామసభలో అడగవలసినవి ఇవి. గట్టినేలకు తగిన కొలత, వేళకు కూలి. గుట్ట నుంచి కిందికి వరస తప్పని పని. చిన్నరైతు చేనుకు, దళితుల పట్టా భూములకు మొదటి గట్టు. కొత్త బోరు వేయాలంటే ఊరి అనుమతి. ఇంకిన నీటిలో భూమి లేనివాళ్లకూ వాటా. మట్టిని నిలబెట్టేది గట్టు. ఆ గట్టును నిలబెట్టేది కూలీ. అతని వాటా తేల్చకుండా నేలను కాపాడుతామంటే నమ్మేదెవరు?