బిడ్డ కంటే ముందు మాయ పెరగాలి

ఖతర్‌లో దోహా మెట్రో ఎర్ర లైనులో దక్షిణం వైపు చివరి స్టేషన్ అల్ వక్రా. ఒకప్పుడు చేపలకూ ముత్యాలకూ పడవలు కదిలిన ఊరు. 2012లో హమద్ మెడికల్ కార్పొరేషన్ ఇక్కడ పెద్దాసుపత్రి తెరిచింది. ఈ ఊళ్లో కాపురం ఉంటున్న తెలుగమ్మాయి నెల తప్పిందని తెలిస్తే చాలు, అత్తగారు వీడియో కాల్‌లోకి వచ్చేస్తారు: "ఇక నుంచి ఇద్దరి తిండి తినాలమ్మా!" ఆవిడ ప్రేమను కాదనలేం. కానీ తిన్నది తిన్నట్టు బిడ్డకు చేరదు, మధ్యలో మాయ (ప్లాసెంటా) ఉంది. దాని సంగతులు వినండి.

నెలలు నిండేసరికి మాయ బరువు దాదాపు అరకిలో, వెడల్పు జానెడు. లోపలి సన్నని కొసలన్నీ విప్పి పరిస్తే ఓ చిన్న పడకగది నేల నిండుతుంది: 12 చదరపు మీటర్ల పైమాటే. తల్లి నెత్తురు ఆ కొసలను తడుపుతూ పోతుంది. బిడ్డ నెత్తురుతో మాత్రం కలవదు.

తల్లి రక్తంలో ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల కారకం ఉంటుంది. ఇన్సులిన్‌కు చుట్టం. ఇది బిడ్డలోకి దాటదు. మరి బిడ్డ ఎలా పెరుగుతుంది? ఇది మాయకు పని చెబుతుంది, మాయ చక్కెరనూ అమైనో ఆమ్లాలనూ ఎక్కువగా దాటిస్తుంది. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. మాయ తానే ఒక గ్రోత్ హార్మోన్ తయారుచేసి తల్లి రక్తంలోకి వదులుతుంది. గర్భం రెండో సగంలో తల్లి పీయూష గ్రంథి చేసే హార్మోన్ వెనక్కి తగ్గి, పెత్తనం దీనిదే అవుతుంది. తల్లి ఐజీఎఫ్-1ను పెంచేదీ ఇదే. అంటే తనకు కావలసిన ఆజ్ఞను మాయ తల్లి చేత ఇప్పించుకుంటోందన్నమాట. ఇంత గడుసు అవయవం ఒంట్లో ఇంకోటి ఉందా అని నాకు అనుమానం.

తండ్రి వాటా లేదనుకునేరు. ఐజీఎఫ్-2 అని మరొకటుంది. దాని జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినా, మాయలో పనిచేసేది తండ్రిదే. 1991లో ఎలుకల మీద చూశారు: తండ్రి ఇచ్చిన ప్రతి చెడిపోతే పిల్ల బరువు మామూలులో 60 శాతమే. తల్లి ఇచ్చిన ప్రతి చెడిపోయినా ఏ తేడా లేదు.

అలాగని తల్లి ఊరుకోదు. 1938లో ఇంగ్లండులో భారీ షైర్ గుర్రాలకూ పొట్టి షెట్లాండ్ గుర్రాలకూ సంకరం చేశారు. షైర్ తల్లికి పుట్టిన పిల్ల పెద్దది, షెట్లాండ్ తల్లికి పుట్టింది చిన్నది.

ఇక తిండి సంగతికొస్తే, 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు అదనపు ఆహారం పెట్టారు. పెట్టని పల్లెలతో పోలిస్తే పుట్టిన పిల్లల సగటు బరువు 61 గ్రాములు ఎక్కువ తేలింది. తక్కువేం కాదు, అలాగని అత్తగారు ఆశించేంతా కాదు.

ఖతర్ పొరుగున సౌదీలోని ఉనైజాలో లెక్క ఇంకోలా వచ్చింది. మూడో నెల దాటాక రంజాన్ వచ్చిన తల్లులకు మాయ బరువు కాస్త తగ్గింది, బిడ్డ బరువు తగ్గలేదు. చిన్న మాయే ఎక్కువ పని చేసిందని పరిశోధకుల ఊహ. అది ఉపవాసానికి యోగ్యతాపత్రం మాత్రం కాదు.

గల్ఫ్‌లో గర్భిణులకు షుగర్ పరీక్ష అంత పట్టుగా ఎందుకు చేస్తారంటే, తల్లి చక్కెర మాయ దాటుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. దాంతో బిడ్డే సొంత ఇన్సులిన్ ఎక్కువగా చేసుకుంటుంది. కడుపులో ఇన్సులిన్ కూడా ఎదుగుదల కారకమే కాబట్టి బిడ్డ బొద్దుగా పెరిగి కాన్పు కష్టమవుతుంది.

బీపీ సంగతి ఇంకా ముఖ్యం. మాయలో కొత్త రక్తనాళాలు వేయించే పీఎల్‌జీఎఫ్ అనే కారకాన్ని 1991లో ఇటలీ శాస్త్రవేత్తలు గుర్తించారు. బోస్టన్‌లో అనంత్ కరుమంచి (ఇంటిపేరు మన చెవికి కొత్త కాదు) బృందం 2003లో అసలు దొంగను పట్టుకుంది: రోగగ్రస్తమైన మాయ వదిలే ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రోటీన్ ఆ కారకాన్ని పట్టి కట్టేస్తుంది. గుర్రపువాతంగా మనవాళ్లు భయపడే మూర్ఛలకు దారితీసే బీపీ జబ్బు ప్రీఎక్లాంప్సియాకు ఇదో ముఖ్య కారణం. ఇప్పుడు ఆ రెండింటి నిష్పత్తిని రక్తపరీక్షలో చూస్తున్నారు. అది 38 కానీ అంతకు తక్కువ కానీ ఉంటే రాబోయే వారంలో ఆ జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ.