వార్తల్లో పదం: ఎస్‌టీసీ

గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు నుంచి వచ్చే లారీ హారన్ సిరోంచలో రోడ్డు పక్క ఇంట్లో ఎంత వినిపిస్తుంది? గోడ ఆపే శబ్దానికి కొలత ఎస్‌టీసీ. 125 నుంచి 4000 హెర్ట్జ్ వరకు పరీక్షించి ఇచ్చే అంకె ఇది. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు సుమారు 50. గోడ బరువు రెట్టింపు చేసినా కలిసొచ్చేది 5, 6 డెసిబెల్సే. లారీ ఇంజిన్ గుర్రు చాలావరకు 125 హెర్ట్జ్ కిందే ఉంటుంది, అది లెక్కలోకే రాదు.

అసలు దొంగదారి సందులు. పెంకుటింట్లో అడ్డగోడ కప్పు దాకా లేవకపోతే పక్కగది గుసగుసలు కూడా పైనుంచి దిగుతాయి. తలుపు కింద వేలెడు సందున్నా అంతే. ఇక మేడ మీద రోకలి పోటుకు ఎస్‌టీసీ పనికిరాదు. స్లాబును తాకి పుట్టే చప్పుడుకు ఐఐసీ అని వేరే కొలత ఉంది.